నడవని రెండు వందల మీటర్లు

2006 జూలైలో నాకు పడమటి ముఖం అప్పగించారు. పడమటి ముఖం అంటే ఒక అగ్నిపర్వతానికి పడమర వైపు ఉన్న ఏటవాలు. వాషింగ్టన్ రాష్ట్రంలో, ఏడాది పొడుగునా మంచు కప్పుకుని ఉండే పర్వతం అది. పేరు రాయను. పేరు రాస్తే దాని కింద లోయలో ఉన్న ఊరు తెలిసిపోతుంది, ఊరు తెలిస్తే మనుషులు తెలిసిపోతారు. నేను తిట్టదలచుకున్నది ఇద్దరినే. వారిలో ఒకరు నేను.

అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. భూగర్భ సర్వే చేసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ జియాలజిస్ట్‌ని. నా పైన మ్యాపింగ్ విభాగాధిపతి, ఆయన పైన డైరెక్టరు. వాళ్ళిద్దరూ సంతకాలు పెడతారు గానీ పటం మీద రచయితగా పేరు పడేది కొండెక్కినవాళ్ళదే. పటం తప్పయితే తిట్లు పడేదీ వాళ్ళకే. ఈ పద్ధతిలో నాకేమీ అన్యాయం కనిపించదు.

నాకిచ్చిన పని కుళ్ళిన రాయి ఎంత మేర ఉందో గీయడం. రాయి కుళ్ళుతుందా అని మా బంధువులందరూ అడిగారు. కుళ్ళుతుంది. అగ్నిపర్వతం లోపలి నుంచి గంధకపు ఆవిర్లు, ఆమ్లపు వేడి నీళ్ళు వందల ఏళ్ళు ఊరి ఊరి గట్టి రాతిని మెత్తటి పసుపు మట్టిగా మార్చేస్తాయి. పైకి కొండలాగే నిలబడి ఉంటుంది, లోపల బలం ఉండదు. నిప్పు కక్కనక్కర్లేదు, ఏదో ఒక రోజు ఊరికే ఆ వైపు కొండ జారిపోవచ్చు. జారిన మట్టి మంచుతో, నీటితో కలిసి బురద వరదై లోయలో పడి పరిగెడుతుంది. దాన్ని మేం లాహార్ అంటాం. ఆ లోయ నేల మొత్తం అలాంటి పాత బురదే. ఆ ఊళ్ళో ఎవరు బావి తవ్వినా నిలువునా పూడుకుపోయిన చెట్ల మోళ్ళు బయటపడతాయి.

అలాంటి నేల మీద చిన్నపిల్లల బడి కట్టాలనుకున్నారు. కథంతా ఇదే. బడికి రెండు స్థలాలు చూశారు. ఒకటి లోయ అడుగున, నది పక్కన, చదునైన పొలం. దాన్ని ఒక ఇళ్ళ వ్యాపారి ఉచితంగా ఇస్తానన్నాడు. పక్కన బడి ఉంటే అతను కట్టబోయే ఇళ్ళకి గిరాకీ ఉంటుంది కదా. రెండోది లోయ పక్కన ఎత్తుగా ఉన్న గట్టు మీద. అక్కడికి బురద రాదు, కానీ రాయి కొట్టాలి, రోడ్డు వేయాలి. కొండ మీద కుళ్ళిన రాయి ఎక్కువుంటే లోయ అడుగు పెద్ద ప్రమాద మండలంలోకి వస్తుంది, బడి గట్టెక్కుతుంది. తక్కువుంటే బడి నది పక్కనే. ఆ నిర్ణయం కౌంటీ ప్లానింగ్ కమిషన్‌ది. వాళ్ళ ముందు పెట్టాల్సిన పటం నాది.

ఇక గీతల సంగతి చెప్పాలి. భూగర్భ పటంలో ఒక రకం రాయికీ ఇంకో రకం రాయికీ మధ్య హద్దు గీసేటప్పుడు మూడు రకాల గీతలు వాడతాం. స్వయంగా నడిచి, చేత్తో తాకి చూసిన హద్దుకి నిండు గీత. దూరం నుంచి చూసి, లేక రెండు వైపులా చూసి మధ్యలో ఊహించిన హద్దుకి తెగిన గీత. మంచు కిందో మట్టి కిందో పూర్తిగా కప్పబడిపోయినదానికి చుక్కలు. నా మొదటి ఉద్యోగం కడప జిల్లాలో, బెరైటీస్ గనుల దగ్గర. అక్కడ మా పెద్ద జియాలజిస్టు ఒకాయన కొత్తవాళ్ళ పటం చేతిలోకి తీసుకుని ముందు అడిగే ప్రశ్న ఒకటే: "ఈ గీత మీద నీ చెప్పులు అరిగినాయా, పాపా?" అరగలేదంటే రబ్బరు చేతిలో పెట్టేవాడు. ముప్పై ఏళ్ళు ఆ ప్రశ్న నాకు నేనే వేసుకుంటూ వచ్చాను. ఒక్క రోజు వేసుకోలేదు.

ఆగస్టులో కొండెక్కాం. నాతోపాటు డేల్ అని ఒక గైడు. చాలా ఏళ్ళు కొండల మీద చిక్కుకున్నవాళ్ళని దించే పని చేసి మానేసిన మనిషి. అరవై దాటాడు, మాట పొదుపు. మూడు వేల మీటర్ల పైన ఒక రాతి చదును మీద డేరా వేసుకుని ఎనిమిది రోజులున్నాం. పొద్దున్న లేచేసరికి బూట్ల లేసులు కర్రల్లా బిగుసుకుని ఉండేవి. అక్కడ సిరా గడ్డకడుతుంది కాబట్టి రాత అంతా పెన్సిలే. జీపీఎస్ బ్యాటరీలు చలికి చచ్చిపోతాయి కాబట్టి వాటిని బనీను లోపల పెట్టుకుని తిరగాలి. బూట్ల కింద ఇనుప ముళ్ళు కట్టుకుని, ఇద్దరికీ ఒకే తాడు వేసుకుని, మంచు అంచున నడిచి, రాయి కనిపించిన ప్రతి చోటా ఆగి సుత్తితో కొడతాం. గట్టి రాయి ఖంగుమంటుంది. కుళ్ళిన రాయి ధబ్బుమంటుంది. చాకుతో గీస్తే వంకాయలా తెగుతుంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ముక్క తీసి నంబరు వేసిన సంచిలో పడేసి, పటం మీద చుక్క పెట్టి, తర్వాతి చోటికి. రోజుకి మూడు నాలుగు వందల మీటర్ల హద్దు గీయగలిగితే ఆ రోజు దండిగా పని జరిగినట్టు.

డేల్‌కి ఒకటే నియమం. పదకొండు గంటలకి ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి. ఎండ ముదిరితే పైన మంచు వదులై రాళ్ళు రాలతాయి. ఆఖరి రోజు పదకొండయ్యేసరికి నా హద్దు పూర్తి కావడానికి ఒక్క గట్టు మిగిలింది. రెండు వందల మీటర్లు ఉంటుంది. అటు వైపు హద్దు ముందే నడిచేశాను. ఇటు వైపూ అయిపోయింది. మధ్యలో ఈ ముక్క.

"ఇంకో గంట," అన్నాను.

"పదకొండు," అన్నాడు డేల్.

బైనాక్యులర్స్ తీసి చూశాను. పసుపు రంగు అంచు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది, ముగ్గు వేసినంత స్పష్టంగా. డేరాకి తిరిగొచ్చాక, వేళ్ళు ఇంకా మొద్దుబారి ఉండగానే, ఆ రెండు వందల మీటర్లకీ నిండు గీత గీసేశాను. తెగిన గీత గీయాలని తెలుసు. తెలిసే గీయలేదు. తెగిన గీత పెడితే విభాగాధిపతి మళ్ళీ వెళ్ళమంటాడు. మళ్ళీ అనుమతులు, మళ్ళీ చలి. పైగా పొగరు. ముప్పై ఏళ్ళ కళ్ళు, ఇవి తప్పు చూస్తాయా అని. డేల్ టీ కాస్తూ నా భుజం మీదుగా షీటు చూశాడు.

"మనం అక్కడికి వెళ్ళలేదు," అన్నాడు.

"చూశాను కదా," అన్నాను.

అతను టీ ఇచ్చాడు. ఆ టీ తాగుతూ నేను నా పని పూర్తయిందని సంతోషించాను, నా మొహం!

సెప్టెంబరు మొదట్లో చిత్తుపటాన్ని జనం చూసి అభ్యంతరాలు చెప్పడానికి బయట పెట్టారు. ఆ వారాంతంలోనే రామ్మోహన్ గారి ఇంట్లో భోజనానికి పిలుపు వచ్చింది. ఆయన మా యూనివర్సిటీలో నాకంటే అయిదేళ్ళు సీనియర్. ఈ దేశంలో నా మొదటి ఉద్యోగానికి రికమెండేషన్ రాసింది ఆయనే. ఆయన భార్యని వదినా అంటాను, ఆయన్ని అన్నయ్య గారూ అంటాను. అప్పటికి ఆయన ప్రభుత్వ కొలువు వదిలేసి సొంతంగా కన్సల్టింగ్ కంపెనీ నడుపుతున్నాడు. ఎవరెవరికి పనిచేస్తున్నాడో నేనడగలేదు. అన్నయ్యని ఎవరడుగుతారు?

వదిన గోంగూర పచ్చడి, గుత్తివంకాయ చేసింది. ఆయన స్వయంగా నెయ్యి వడ్డిస్తూ నా పటం ఎత్తాడు.

"ఏమ్మా సరళా, డ్రాఫ్ట్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసి చూశాను. అదరగొట్టావ్! ఈ ఏజ్‌లో ఆ ఐస్ మీద ఎలా వాక్ చేశావే తల్లీ? ఆ వెస్ట్ గట్టు ఉంది చూడు, దాన్ని క్రాస్ చేయడం నా వల్లయ్యేది కాదు."

పొగడ్తకి ఉబ్బిపోయాను. ఉబ్బిపోయి, పక్కన గోంగూర ముద్ద పెట్టుకుని, నవ్వుతూ అన్నాను: "అక్కడ ఎక్కడ వాక్ చేశాను అన్నయ్య గారూ! డేల్ గాడు గడియారం చూపించి లాక్కొచ్చాడు. బైనాక్యులర్స్‌లో చూసి గీసేశా."

"ఆహా! చూసి గీసేశావా! అవునులే, నీ కళ్ళు మామూలు కళ్ళా," అని ఆయన కూడా నవ్వాడు. ఇంకో గరిటె నెయ్యి వేశాడు.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. కాలు జారకుండా ఎనిమిది రోజులు తాడు కట్టుకుని తిరిగినదాన్ని, నోటికి తాడు కట్టుకోవాలని తోచలేదు.

రెండు వారాల తర్వాత కమిషన్ విచారణ. కౌంటీ భవనంలో పెద్ద గది, ఎదురుగా ఏడుగురు సభ్యులు, మధ్యలో మైకు. మాట్లాడదలచినవాళ్ళు పేరు రాయించుకుంటే తలా మూడు నిమిషాలు ఇస్తారు. ముందు నేను పటం చూపించి వివరించాను. తర్వాత లిండా అనే కిండర్‌గార్టెన్ టీచరు మాట్లాడింది. గట్టు మీద స్థలం కోసం ఏడాదిగా ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి సంతకాలు సేకరించిన మనిషి. తన క్లాసులో ఇరవై ఇద్దరు అయిదేళ్ళ పిల్లలున్నారనీ, వాళ్ళని పరిగెత్తించడం ఎంత కష్టమో తనకి తెలుసనీ చెప్పింది. సభ్యులు తలలూపారు. గట్టు గెలిచేసినట్టే అనిపించింది.

అప్పుడు ఇళ్ళ వ్యాపారి తరఫు నిపుణుణ్ణి పిలిచారు. టై సవరించుకుంటూ లేచి మైకు దగ్గరికి నడిచింది రామ్మోహన్ గారు.

ఆయన నా వైపు చూసి, చేతులు జోడించి మరీ నమస్కారం పెట్టాడు. తర్వాత ఇంగ్లీషులో, చాలా మర్యాదగా, ఈ పటం రచయిత్రి మీద తనకెంతో గౌరవం ఉందని మొదలుపెట్టాడు. నిండు గీతకీ తెగిన గీతకీ తేడా సభ్యులకి వివరించాడు. ఆ వివరణలో ఒక్క తప్పు లేదు. ఆ తర్వాత పడమటి గట్టు మీద నిండు గీతని కర్రతో చూపించి, అక్కడ ఆవిడ నడిచారో లేదో దయచేసి ఆవిణ్ణే అడగండి అని కూర్చున్నాడు.

అధ్యక్షురాలు నన్ను అడిగింది. అబద్ధం చెప్పవచ్చు. ఆ కొండ మీద సాక్షి డేల్ ఒక్కడే, అతను ఆ గదిలో లేడు. "నడవలేదు," అన్నాను.

"మిగతా గీతలన్నీ నడిచారా?"

"నడిచాను."

"అది మాకెలా తెలుస్తుంది?"

నా దగ్గర సంచులున్నాయి, నోటు పుస్తకాలున్నాయి, నంబర్లున్నాయి. అన్నీ చెప్పాను. ఒక్క గీత అబద్ధమైతే మిగతావాటి మాట ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను. పటాన్ని పరిగణనలోకి తీసుకోవడం లేదని తీర్మానించారు. స్థలం విషయం మూడు వారాల తర్వాతి సమావేశంలో, కుళ్ళిన రాయిని తక్కువగా చూపించే పాత పటం ఆధారంగా తేలుస్తామన్నారు.

బయట వరండాలో లిండా నా ముందుకొచ్చి నిలబడింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. "ఆ రోజు అక్కడిదాకా ఎందుకు వెళ్ళలేదు?" అని అడిగింది. సమయం అయిపోయిందన్నాను. ఆమె వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి రామ్మోహన్ గారికి ఫోన్ చేశాను. అరికాలి మంట నెత్తికెక్కి ఉంది.

"ఏం అన్నయ్య గారూ, అన్నం పెట్టి అడిగింది దీనికా? ఆ కంపెనీకి పనిచేస్తున్నానని ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా మీకు?"

"చూడమ్మా, ఎమోషనల్ అవకు. నువ్వు చెప్పకపోయినా ఆ ప్లేస్‌లో శాంపిల్ పాయింట్స్ లేవని నేను నోటీస్ చేసేవాణ్ణి. ఇట్స్ ప్రొఫెషనల్. నేను అబద్ధం ఏమైనా చెప్పానా?"

"చెప్పలేదు."

"మరి?"

"మరి లేదు, గిరి లేదు. మీ ఇంటి గడప మళ్ళీ తొక్కను." ఫోన్ పెట్టేశాను. తొక్కలేదు కూడా. పాపం వదినతో కూడా మాటలు పోయాయి. ఆవిడ చేసిన తప్పల్లా గుత్తివంకాయ కూరే.

ఆ కోపంలో ఒక పని మాత్రం చేశాను. డేల్‌ని పిలిచాను. అక్టోబరు వస్తోంది, కొత్త మంచు పడితే వచ్చే వేసవి దాకా దారి మూసుకుపోతుంది. వాతావరణం రెండు రోజులు తెరిపి ఇస్తుందని తెలియగానే సెలవు పెట్టి బయల్దేరాను. ఆఫీసు అనుమతి లేదు, ఖర్చు నాదే, పోతే ప్రాణమూ నాదే అని డేల్‌కి రాసిచ్చాను. డేల్ రానంటాడనుకున్నాను. "పదకొండు," అని మాత్రం అన్నాడు.

తొమ్మిదింబావుకి ఆ గట్టు మొదటికి చేరాం. గాలికి కనురెప్పల మీద మంచు పేరుకుంటోంది, చేతి తొడుగులు విప్పితే అరనిమిషంలో వేళ్ళు తెలియడం లేదు. నా నిండు గీత ఎక్కడ గీశానో సరిగ్గా అక్కడ నిలబడి, బైనాక్యులర్స్‌లో చూసిన పసుపు అంచుకి అవతల వైపు, బూడిదరంగు గట్టి రాయి అనుకున్నదాని మీద సుత్తితో కొట్టాను. ధబ్బుమంది.

ఇంకోసారి కొట్టాను. వేలెడు మందాన పైపొర ఊడి, లోపల నుంచి పసుపు మట్టి రాలింది. పైపొర మాత్రమే గట్టిది. చలికి, గాలికి బిగిసి బూడిదరంగు తేలిన పెచ్చు. లోపలంతా కుళ్ళు. అయిదు అడుగులు అవతలికి వేసి కొట్టాను. ధబ్బు. పది అడుగులు. ధబ్బు. మాట్లాడకుండా కొట్టుకుంటూ పోయాను. డేల్ తాడు వదులుతూ వచ్చాడు. నా గీతకి అవతల నూట నలభై మీటర్లు వెళ్ళాక గానీ సుత్తి ఖంగుమనలేదు. అంటే నా గీత నడవనిదే కాదు, తప్పు కూడా. అదీ ప్రమాదాన్ని తక్కువ చేసి చూపించే వైపు తప్పు. లోయ నెత్తిన వేలాడుతున్నది నేను లెక్క చెప్పినదానికంటే చాలా ఎక్కువ. ఆగస్టులో ఆ ఒక్క ముక్కకి తెగిన గీత గీసి ఉంటే మా విభాగాధిపతి మళ్ళీ పంపేవాడు, సెప్టెంబరులోనే ఈ సంగతి బయటపడేది, రామ్మోహన్ గారికి కర్ర పెట్టి చూపించడానికి ఏమీ ఉండేది కాదు. ఇదంతా ఆ గట్టు మీద నిలబడే అర్థమైంది. నన్ను నేను తెలుగులో తిట్టుకున్నాను. కడప జిల్లా తిట్లు, ఇక్కడ రాయడానికి పనికిరావు. డేల్‌కి భాష రాకపోయినా విషయం తెలిసింది.

"టైమెంత?" అన్నాను.

"పదకొండుకి పది తక్కువ," అన్నాడు. సంచులు కట్టుకుని దిగాం.

నాలుగు రోజుల్లో సవరణ పటం, శాంపిళ్ళ నివేదిక సిద్ధం చేశాను. విభాగాధిపతి నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, అనుమతి లేకుండా వెళ్ళినందుకూ, ముందు గీతకీ కలిపి లిఖితపూర్వకంగా మందలించాడు. తర్వాత నివేదిక మీద సంతకం పెట్టి పంపాడు. ఆయన మీద నాకు కోపం లేదు. కమిషన్‌వాళ్ళు మాత్రం సాక్ష్యాల గడువు విచారణ రోజునే ముగిసిందన్నారు. చట్టప్రకారం అది నిజమే. బడికి నది పక్కనే అనుమతి వచ్చింది. దానికి రెండు షరతులు: ఒక సైరను, గట్టు మీదికి ఒక కాలిబాట.

నేను 2013లో రిటైరయ్యాను. ఇప్పుడు ఇర్వింగ్‌లో మా అమ్మాయి ఇంటికి దగ్గర్లో ఉంటున్నాను. ఇక్కడ నేను ఎక్కాల్సిన ఎత్తల్లా హైవే ఫ్లైఓవరే. టెక్సాస్‌కి వచ్చే ముందు, ఆ వసంతంలో, లిండా నుంచి ఉత్తరం వచ్చింది. ఏటా చేసే సైరను అభ్యాసం ఫలానా రోజున, రాదలిస్తే రావచ్చు అని రెండు వాక్యాలు. వెళ్ళాను.

పొద్దున్న పదింటికి సైరను మోగింది. చిన్నపిల్లలు విడిపోకుండా లిండా క్లాసువాళ్ళకి ఒక పొడుగాటి తాడు ఉంది. దానికి వరుసగా ఉచ్చులు, ఒక్కో పిల్ల ఒక్కో ఉచ్చు పట్టుకోవాలి. ముందు లిండా, ఆఖరున నేను. పిల్లలు మాట విన్నారు, నిజంగానే విన్నారు, అయినా ఒకడికి దారిలో బూటు ఊడింది, ఒక అమ్మాయి సగం బాటలో కూర్చుని ఏడ్చింది. ఒకడు నన్ను "ఇది నిజం బురదా, ఉత్తుత్తి బురదా?" అని అడిగాడు. ఉత్తుత్తిదే అన్నాను. ఆఖరి పిల్ల గట్టెక్కాక లిండా గడియారం ఆపి నాకు చూపించింది. ముప్పై ఎనిమిది నిమిషాలు.

సవరించిన పటం లెక్కలో, కొండ మీది ఆ పడమటి గట్టు జారితే బురద బడి దాకా రావడానికి పట్టేది నలభై.

లిండా ఆ రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి తన పుస్తకంలో రాసుకుంది.

రామ్మోహన్ గారిని నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు. తను ఎవరి మనిషో చెప్పకుండా అన్నం పెట్టి కూపీ లాగినవాడు ఎంత పెద్ద అన్నయ్యయినా ఒకటే. కానీ ఆయన మైకు ముందు అడిగిన ప్రశ్న సరైన ప్రశ్న. కడపలో మా పెద్దాయన అడిగేదీ అదే. దాన్ని ఆగస్టులో, డేరాలో, పెన్సిలు చేతిలో ఉండగా నన్ను నేనే అడగాల్సింది. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే: నడవని చోట గీత తెంపండి. మళ్ళీ కొండెక్కమంటారు, ఎక్కండి. ఎక్కనందుకు మీకేమీ కాకపోవచ్చు. నాకేమీ కాలేదు, పెన్షన్ నెలనెలా వస్తోంది. రెండు నిమిషాల తేడా ఉన్నది ఆ పిల్లలకి.